ఆగిపోయిన చదువుకు అమెరికాలో దారి

సంపాదకులకు నమస్కారం.

విదేశీ విద్య అనగానే మన పత్రికల్లో ఎం.ఎస్. ర్యాంకింగులే కనిపిస్తాయి. డిగ్రీ మధ్యలో ఆపేసి, పెళ్లయి అమెరికా వచ్చిన మన ఆడపిల్లల సంగతి రాసేవారు తక్కువ. హెచ్‌-4 (హెచ్‌-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకిచ్చే) వీసా మీద ఉన్నవాళ్లూ ఇక్కడ చదువుకోవచ్చు. వాళ్లకు కావలసింది ర్యాంకు కాదు. పాత క్రెడిట్లకు (పాసైన కోర్సులకు లెక్కగట్టే పాయింట్లకు) విలువ, సాయంత్రం క్లాసులు, ఇంటికి దగ్గర్లో క్యాంపస్.

ఆ లెక్కన నగరాల్లోని ప్రభుత్వ యూనివర్సిటీలే మేలు. న్యూయార్క్‌లో క్యూనీ (సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్) కింద 20కి పైగా కాలేజీలున్నాయి. 2013 నుంచి అక్కడ 30 క్రెడిట్ల ఉమ్మడి కోర్సులు ఒకచోట పూర్తిచేస్తే ఇంకోచోటా చెల్లుతాయి. కాలిఫోర్నియా పద్ధతి నాకు ఇంకా నచ్చింది. రెండేళ్ల చదువు చెప్పే కమ్యూనిటీ కాలేజీలో కనీస గ్రేడ్లతో ట్రాన్స్‌ఫర్ డిగ్రీ (పెద్ద యూనివర్సిటీకి మారేందుకు ఇచ్చే రెండేళ్ల డిగ్రీ) తెచ్చుకుంటే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో సీటు ఖాయం, అదే తరహా సబ్జెక్టులో చేరితే ఆపైన మిగిలేది 60 యూనిట్లే (క్రెడిట్లే). కానీ కోరిన క్యాంపసే ఇస్తామన్న హామీ లేదు. చంటిపిల్లల తల్లికి శాన్ హోసే బదులు ఎక్కడో దూరాన ఉన్న ఫ్రెస్నోలో సీటిస్తే ఏం లాభం?

కాలిఫోర్నియా ప్రభుత్వ కాలేజీల్లో ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో 'అసిస్ట్' వెబ్‌సైట్‌లో ముందే చూసుకోవచ్చు. మన దేశపు మార్కుల జాబితాలు మాత్రం అందులో ఉండవు, విడిగా మదింపు చేయించాలి. ఫీజు కట్టకముందే ఎన్ని క్రెడిట్లు ఒప్పుకుంటారో రాతపూర్వకంగా అడగమని మీ విద్యా పేజీలో దయచేసి రాయండి.

— ఒక పాఠకురాలు, శాన్ హోసే, కాలిఫోర్నియా