కార్డు ధర కాదు, ముందు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చూడాలి

సంపాదకులకు, నమస్కారం.

పాత డెస్క్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే గేములు ఆడుకోవచ్చని, వీడియో ఎడిటింగ్ తేలికవుతుందని పత్రికల సాంకేతిక పేజీల్లో తరచూ వస్తోంది. మాట నిజమే. కాకపోతే ఏ కార్డు ఎంత వేగమో, ధర ఎంతో పూసగుచ్చినట్టు చెప్పేవారు దానికి కరెంటు ఎక్కణ్నుంచి రావాలన్నది మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు: 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన తక్కువ వోల్టులకు మార్చి ఇచ్చే డబ్బా) ఉంటే చాలు అని. రిపేరు బల్ల దగ్గరికి వచ్చే గొడవల్లో చాలావాటికి ఆ ముక్కే మూలం.

క్యాబినెట్‌తో పాటు వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్ మీద 450 అనో 500 అనో పెద్ద అంకె వేసి ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి. ప్లగ్గు పీకి, సైడ్ ప్యానెల్ విప్పి, లేబుల్ మీది చిన్న పట్టిక చదవండి. అందులో 3.3, 5, 12 వోల్టులకు ఎన్నెన్ని యాంపియర్లో విడివిడిగా రాసి ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది 12 వోల్టుల మీద. ఆ గడిలో 16 యాంపియర్లని ఉంటే 12 ఇంటూ 16, అంటే 192 వాట్లు. పైన 500 అని ఉన్నా ఆ రెండింటికీ కలిపి దక్కేది అంతే. 12 వోల్టులకు రెండు గడులుంటే వాటిని కూడేయకూడదు. కంబైన్డ్ అని ఇచ్చిన వాట్లే అసలు లెక్క. పట్టికే లేని ఎస్‌ఎంపీఎస్ అయితే దాంతో కార్డు ఆలోచన మానుకోవడమే మేలు. 80 ప్లస్ ముద్ర కూడా సామర్థ్యానికి గుర్తు కాదు, గోడలోంచి లాగే కరెంటులో వృథా ఎంత తక్కువో చెబుతుందంతే.

ఇక కూడిక. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు లాగుతుంది. ఐ5-12400 ప్రాసెసర్ పెట్టె మీద 65 అని ఉన్నా టర్బోలో, అంటే పని ఎక్కువై వేగం పెంచుకున్నప్పుడు, 117 దాకా వెళ్తుంది; లెక్కకు 117 తీసుకోవాలి. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు ఓ 60. మొత్తం 347 వాట్లు. ఎస్‌ఎంపీఎస్‌ను నాలుగింట మూడొంతులకు మించి నడపకూడదనుకుంటే 460 పైచిలుకు కావాలి. ఈ కార్డుకు కంపెనీ 550 చెబుతున్నది అందుకే, ఆ 550 కూడా దాదాపు అంతా 12 వోల్టుల మీద ఇవ్వగలిగినదై ఉండాలి. కాస్త ఎక్కువ ఉంచుకోమనడానికి ఇంకో కారణం, పెద్ద కార్డులు సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ సమయం పాటు తమ వాట్లకు రెట్టింపు దాకా ఎగబాకుతాయి. డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌ల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇలాంటి ఉరుకులను తట్టుకునేలా ఎస్‌ఎంపీఎస్ ఉండాలని నిబంధన పెట్టింది.

కార్డును గుచ్చే మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. ఆపైన కావాలంటే 6 పిన్నుల కేబుల్‌కు 75, 8 పిన్నుల దానికి 150. విడిగా కేబుల్ అక్కర్లేని కార్డులూ ఉన్నాయి. అయితే పేరు చూసి మోసపోవద్దు. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతోనే 8 జీబీ కార్డు 130 వాట్లు లాగుతుంది, దానికి కేబుల్ తప్పనిసరి. 2024లో వచ్చిన 6 జీబీది 70 వాట్లే, స్లాట్‌తోనే సరిపెట్టుకుంటుంది.

ఈ తేడా ఎక్కువగా తగిలేది సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల దొరికే రీఫర్బిష్డ్, అంటే వాడినవి బాగుచేసి అమ్మే, ఆఫీసు మెషీన్లకు. డెల్ ఆప్టిప్లెక్స్ 9020 చిన్న క్యాబినెట్‌లో ఉండేది 255 వాట్ల ఎస్‌ఎంపీఎస్. అది మార్చి మామూలుది పెడదామంటే మదర్‌బోర్డు మీద దాని ప్లగ్గుకు సరిపడే 24 పిన్నుల సాకెట్ ఉండదు, 8 పిన్నులదే ఉంటుంది. పైగా ఆ క్యాబినెట్‌లో ఎత్తు తక్కువ (లో ప్రొఫైల్) కార్డు తప్ప పట్టదు. చిన్న మోడళ్లు కొన్నింటిలో స్లాట్ 75 వాట్లు కూడా ఇవ్వదు, మాన్యువల్ చూశాకే కార్డు కొనాలి.

కేబుల్ లేకపోతే కన్వర్టర్ వేసేద్దాం అనే మాట మాత్రం అస్సలు వినకండి. హార్డ్‌డిస్కు సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోటి 1.5 యాంపియర్లు. అంటే 54 వాట్లు. దాన్ని 6 పిన్నులుగా మార్చి 75 లాగితే ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు నల్లబడతాయి. ప్రాసెసర్‌కిచ్చే 8 పిన్నుల కేబులూ కార్డుకిచ్చేదీ చూపులకు ఒకేలా ఉంటాయి. ప్రాసెసర్ దాంట్లో పసుపు తీగలు క్లిప్పు ఉన్న వైపు, కార్డు దాంట్లో ఎదుటి వైపు. బలవంతంగా దూర్చితే షార్టే. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే) ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లను ఒకదానివి ఇంకోదానికి వాడటమూ ఇంతే ప్రమాదం, ఎందుకంటే ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకం.

ఎస్‌ఎంపీఎస్ చాలనప్పుడు ఏమవుతుంది? డెస్క్‌టాప్ మీద అంతా బాగానే ఉంటుంది. గేమ్ మొదలైన కాసేపటికి తెర నల్లబడి మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. విండోస్ జరిగినవన్నీ నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తుంది. డ్రైవర్లు మార్చి, విండోస్ మళ్లీ వేసి డబ్బు తగలేసే ముందు ఒక పని చేయించండి: గేమ్ నడుస్తుండగా ఖాళీగా ఉన్న మోలెక్స్ (నాలుగు పిన్నుల పాత రకం) కనెక్టర్‌లో పసుపు, నలుపు తీగల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడమనండి. 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. 11.4 కంటే దిగితే అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌నే. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

యూపీఎస్ సంగతి ఎవరూ అడగరు. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లవే. పైన వేసిన 347కు మానిటర్‌నూ, ఎస్‌ఎంపీఎస్ వృథానూ కలిపితే అది దాటిపోతుంది. కరెంటు పోగానే బీప్ కొట్టి ఆగిపోతే తప్పు బ్యాటరీది కాదు.

దుకాణదారులు ఎస్‌ఎంపీఎస్ బిల్లు మీద 12 వోల్టుల యాంపియర్లు రాసివ్వాలి. మీ సాంకేతిక పేజీలో కార్డుల గురించి వేసేటప్పుడు ధర పక్కన కార్డు వాట్లు, కావలసిన పిన్నుల సంఖ్య, 12 వోల్టుల మీద ఎన్ని యాంపియర్లు అవసరమో కూడా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్, సికింద్రాబాద్