జిల్లా సగటులో కనిపించని పిల్లల సైన్సు మార్కులు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

హనుమకొండ నుంచి ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం. పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ ఏ జిల్లా ముందుంది, ఏది వెనకబడింది అన్న మాటలతోనే ఆ రోజు గడిచిపోతుంది. ఉత్తీర్ణత శాతం గీత దాటినవారి లెక్క మాత్రమే కాబట్టి, సైన్సులో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్లకూ, ఓమ్ నియమాన్ని స్వయంగా తీగలు కలిపి చూసి నేర్చుకున్న పిల్లకూ ఉన్న దూరం అందులో కనబడదు.

జాతీయ సర్వేలతోనైనా ఈ లోటు తీరుతుందా అంటే, వాటి పరిమితులు వాటికున్నాయి. పిల్లలు ఎంత నేర్చుకున్నారో కొలిచే జాతీయ సాధన సర్వే 2021లో 3, 5, 8, 10 తరగతుల పిల్లలను పరీక్షించి 500 పాయింట్ల కొలమానంపై ఫలితాలిచ్చింది; దేశవ్యాప్తంగా సైన్సు సగటు ఎనిమిదిలో 250, పదిలో 206. దాని స్థానంలో 2024 డిసెంబరులో జాతీయ మదింపు సంస్థ ‘పరఖ్’ జరిపిన సర్వే 3, 6, 9 తరగతులను తీసుకుని శాతాల్లో చెప్పింది. తొమ్మిదిలో సైన్సు 40 శాతం. తరగతులూ కొలమానమూ రెండూ మారాయి కనుక ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనడం తగదు. పైగా 2024లో దేశంలోని 781 జిల్లాల నుంచి పాల్గొన్నవారు 21.15 లక్షల మంది, అంటే మూడు తరగతులకూ కలిపి జిల్లాకు సగటున 2,700 మంది. అందులోంచి ములుగు జిల్లాలో తొమ్మిదో తరగతి చదివే గిరిజన బాలికలను వేరుచేస్తే మిగిలే సంఖ్యను నమ్మి ఒక నిర్ణయం తీసుకోవడం కష్టం.

కొన్నేళ్ల కిందట ఏటూరునాగారం వైపు ఒక ఆశ్రమ పాఠశాలకు తొమ్మిదో తరగతి పిల్లలతో మాట్లాడటానికి వెళ్లాను. బాష్పీభవన వేగం దేనిపై ఆధారపడుతుందన్న ఇంగ్లిష్ ప్రశ్నకు ఒక కోయ అమ్మాయి జవాబు రాయకుండా వదిలేసింది. ఇప్పపువ్వును ఎండబెట్టేటప్పుడు కుప్పగా ఎందుకు పోయరమ్మా అని తెలుగులో అడిగితే, "పల్చగా పరిస్తేనే సార్, అన్నిటికీ ఎండ తగుల్తది, గాలి తగుల్తది, జల్ది ఆరుతయి" అంది. ఉపరితల వైశాల్యం, గాలి వేగం, ఉష్ణోగ్రత, మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. మార్కుల పట్టికలో మాత్రం ఆ ప్రశ్నకు ఆమెకు సున్నా. 2022-23 నుంచి మన బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది, ఎదురెదురు పేజీల్లో రెండు భాషల పుస్తకాలూ వచ్చాయి; నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ మాధ్యమాన్ని లెక్కలోకి తీసుకోకుండా మండలాలను పోలిస్తే భాషలోని ఇబ్బందిని సైన్సు రాకపోవడంగా పొరబడతాం.

ప్రవేశ పరీక్షతో పిల్లలను చేర్చుకునే గురుకులాన్నీ, వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకునే జిల్లా పరిషత్ పాఠశాలనూ ఒకే తక్కెడలో తూచడం కూడా ఇలాంటిదే. ఇది జిల్లా పరిషత్ ఉపాధ్యాయులను ఏళ్ల తరబడి నొప్పించిన పోలిక. ఆరో తరగతిలో ఎక్కడున్న పిల్ల పదికి ఎక్కడికి చేరిందో చూస్తేనే బడి చేసిన పని తెలుస్తుంది.

ఇందుకు కొత్త సర్వే అక్కర్లేదు. పదో తరగతి రాసే ప్రతి విద్యార్థికీ భౌతిక, జీవశాస్త్ర పత్రాల మార్కులు విడివిడిగా వేస్తున్నారు. వాటిని మండలం, మాధ్యమం, యాజమాన్యం, సామాజిక వర్గం, బాలబాలికల వారీగా విడదీసి, సగటుతో పాటు అట్టడుగు నాలుగో వంతు పిల్లల మార్కులు కూడా, ఎవరి పేరూ బయటపడకుండా ప్రకటించమని కోరుతున్నాను. ఉమ్మడి వరంగల్‌లోని ఆరు జిల్లాలతో మొదలుపెట్టవచ్చు; హనుమకొండ పట్టణమూ, ములుగు జిల్లాలోని వాజేడు, మంగపేట ఏజెన్సీ మండలాలూ ఈ ఆరింటిలోనే ఉన్నాయి. జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ పట్టికలు మండల విద్యాధికారుల చేతికి అందితే, ఏ బడికి ముందుగా ప్రయోగశాల సామగ్రి పంపాలో, ఎక్కడ తెలుగులో విడమరిచి చెప్పే అదనపు పీరియడ్ కావాలో వారే నిర్ణయించుకోగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత స్కూల్ అసిస్టెంట్, హనుమకొండ