పాలు ఎవరు కాస్తారు నాయనా?

శాన్ ఆంటోనియో, అమెరికా,
2024 నవంబరు 10, ఆదివారం

నాయనకు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఉత్తరమంటే ఇట్టాగే మొదలుపెట్టాలని నువ్వే నేర్పించావు గదా. ఫోనులోనే చెప్పొచ్చు. కానీ నువ్వు స్పీకరు పెడతావు, పక్కనుంచి అమ్మ “అయ్యన్నీ మనకెందుకే” అంటుంది, మాట సగంలో తెగిపోతుంది. కవరు మీద జిల్లా పేరు దగ్గర కాసేపు ఆగాను. కందుకూరు 1970లో నెల్లూరు నుంచి ప్రకాశానికి పోయింది, 2022లో మళ్ళీ నెల్లూరులోకొచ్చింది. పిన్‌కోడు ఉంటే చాల్లే అని నెల్లూరనే రాశాను.

పోయిన వారం నువ్వడిగిన మిషను సంగతి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి, తెల్లారుజామున లేచి కాఫీ పెట్టలేకపోతోంది, రాత్రి టైము పెట్టి పడుకుంటే పొద్దున్నే దానంతటదే కాఫీ దించే మిషను మీ ఇంట్లో ఉందంట గదా, వచ్చేటప్పుడు అట్టాంటిదొకటి తెమ్మన్నావు. ఉంది. మూడేళ్ళుగా వాడుతున్నా. కానీ తేను. ఎందుకో చెబుతా, కోపం తెచ్చుకోకుండా చివరి దాకా చదువు.

మొదటి కారణం నీలాంటి సైన్సు మాస్టారికి వివరించే పనిలేదు. ఇక్కడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, మనకు 230. వోల్టేజీ దాదాపు రెట్టింపైతే నీళ్ళు కాచే కాయిలు లాగే కరెంటూ రెట్టింపవుతుంది, పుట్టే వేడి నాలుగు రెట్ల దగ్గరికి పోతుంది. అమ్మ ఒక్క గుక్క తాగకముందే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు పెడదామంటావేమో. వెయ్యి వాట్ల దాకా లాగే సరుకిది, దానికి సరిపోయే ట్రాన్స్‌ఫార్మరు మిషను కంటే బరువుంటుంది. కావాలంటే ఒంగోల్లోనో నెల్లూరులోనో 230 వోల్టులది కొనుక్కోవాల్సిందే.

నీకు నచ్చేది దాని లోపలి సంగతి. ఒకరోజు తిరగేసి కింది రేకు విప్పి చూశాను (ప్లగ్గు తీసే, భయపడొద్దు). మోటారు ఉంటుందనుకున్నా. లేదు. వంపు తిరిగిన ఒక అల్యూమినియం గొట్టం, దాన్ని అంటుకుని కాయిలు, నీళ్ళు తొట్టిలోకి వెనక్కి పోకుండా ఒక చిన్న వాల్వు, అంతే. గొట్టంలోకి దిగిన కాసిని నీళ్ళు మరుగుతాయి, ఆవిరి బుడగలు ఆ నీళ్ళను పైకి నెడతాయి, అవి పోయి పొడి మీద పడతాయి. పైనున్న ప్లేటును వేడిగా ఉంచేది కూడా ఆ కాయిలే. ఇట్టాంటి కరెంటు మిషను మొదట 1954లో జర్మనీలో వచ్చింది, పేరు విగోమాట్. అంతకు ముందే, 1908లో, అక్కడే మెలిట్టా బెంట్జ్ అనే ఆవిడ కొడుకు నోటుపుస్తకంలోని బ్లాటింగ్ పేపరు తీసి చిల్లుల గిన్నెలో వేసి కాఫీ వడగట్టింది. ఇప్పటి కాగితం ఫిల్టరు అట్టా పుట్టింది.

ఇక నువ్వు మనసు పడ్డ టైమరు. అది ఆ గొట్టానికీ కాయిలుకూ కట్టిన గడియారం, అంతకు మించి ఏం లేదు. పోయిన ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు, ఏటా ఉండేదే. ఫోను దానంతటదే మారింది, మిషను మారలేదు. సోమవారం నేను ఆరింటికి లేచేసరికి కాఫీ ఐదింటికే దిగి, గంటసేపు వేడి ప్లేటు మీద మగ్గి, వంటిల్లంతా మాడు వాసన. మీకు ఆ బాధ లేదు గానీ కరెంటు బాధ ఉంది. ఒక్కసారి పోయి వస్తే చాలా మిషన్లలో గడియారం పన్నెండు చూపిస్తూ మినుకుమినుకుమంటుంది, పెట్టిన టైము గల్లంతు. మనింటి ఇన్వర్టరు ఫాన్లకూ లైట్లకూ పెట్టించింది, వెయ్యి వాట్లు మోయలేదు.

అయినా కొనాలనే ఉంటే చిన్నది కొను. పన్నెండు కప్పులని అట్టపెట్టె మీద చూసి మురిసిపోవద్దు, వాళ్ళ లెక్కలో కప్పంటే 150 మిల్లీలీటర్లే. మీ ఇద్దరికీ నాలుగైదు కప్పులది చాలు. పెద్ద దాంట్లో కాస్త పొడి వేస్తే వెడల్పు బుట్టలో పల్చగా పరుచుకుంటుంది, నీళ్ళు చప్పున జారిపోతాయి. జగ్గు గాజుదైతే కింద వేడి ప్లేటు ఉంటుంది, దాని సంగతి సోమవారం నేను చూశాను. స్టీలు ఫ్లాస్కు లాంటి జగ్గున్నది దొరికితే అదే తీసుకో. అన్నిటికంటే నీళ్ళ వేడి ముఖ్యం. పొడి మీద పడేటప్పుడు 92 నుంచి 96 డిగ్రీలు ఉండాలి. చవక మిషన్లు చాలా మటుకు అంత దాకా పోవు, కాఫీ పల్చగా పుల్లగా దిగుతుంది. నీ పాత ల్యాబు థర్మామీటరు బీరువాలో ఉండాలి, పొడి వెయ్యకుండా ఒకసారి నడిపి, పడే నీళ్ళ కింద పెట్టి చూడు.

మన చికోరీ కలిపిన కాఫీ పొడి అందులో వెయ్యొద్దు. మొదటి వారం నేను వేశాను. మెత్తటి పొడి కదా, నీళ్ళు కిందికి దిగక బుట్ట పొంగి గట్టంతా పారింది. దీనికి ఉప్మా రవ్వంత బరకగా ఉండాలి. లీటరు నీళ్ళకు 55 గ్రాములు వెయ్యమంటారు, అది పాలు లేకుండా తాగేవాళ్ళ లెక్క. నేను రెట్టింపు వేస్తా, అప్పుడు గానీ పాలకు ఆగదు.

ఇప్పుడు అసలు పని, కడగడం. ఇక్కడి నీళ్ళు ఎడ్వర్డ్స్ అక్విఫర్ అని, భూమి లోపలి సున్నపురాయి పొరల్లోంచి వస్తాయి. మన బోరు నీళ్ళకు తోబుట్టువులు. అమ్మ వేణ్ణీళ్ళ బిందె అడుగున తెల్లగా గార కట్టేది గుర్తుందా, అదే ఆ గొట్టం లోపల కడుతుంది. బిందెనైతే గోకొచ్చు, గొట్టంలోకి చెయ్యి పోదు. మొదట్లో ఎనిమిది నిమిషాల్లో దిగేది ఏడాది తిరిగేసరికి పావుగంట పట్టింది. నాకు తెలియక పొడి బాగాలేదని మూడు రకాలు మార్చా. చివరికి ఆఫీసులో ఒకామె “అసలెప్పుడన్నా లోపల కడిగావా” అని అడిగింది.

మీకు నిమ్మ ఉప్పు ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతుంది. లీటరు నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కలిపి తొట్టిలో పోసి, సగం దిగాక ఆపెయ్యి. అరగంట ఆగి మిగతాది దించు. తర్వాత రెండుమూడు సార్లు ఉత్త నీళ్ళు నడుపు. మాకు క్లాసులో గుడ్డు పెంకు మీద నిమ్మరసం పిండి బుడగలు చూపించావే, లోపల జరిగేది అదే. మన బోరు నీళ్ళకైతే నెలకోసారి చెయ్యాలి, క్యాను నీళ్ళు పోస్తే అంత తొందరగా గార పట్టదు. అమ్మ చింతపండు అంటుంది. బిందెకు మంచిదే గానీ ఇందులో గుజ్జు ఇరుక్కుంటే మిషను ఇక పనికిరాదు. జగ్గుకూ బుట్టకూ పట్టే కాఫీ జిడ్డు వేరే రకం, అది నిమ్మ ఉప్పుకు పోదు. రోజూ సబ్బుతో తోమాలి, తొట్టి మూత తెరిచి ఆరబెట్టాలి. ఒట్టి నీళ్ళతో తొలిస్తే చాలనుకుని ఆర్నెల్లు పాత నూనె కంపు కాఫీ తాగాను.

ఇంతా చేస్తే అది దించేది డికాక్షనే నాయనా. తొట్టిలో పాలు పోస్తే గొట్టంలో మాడి అంటుకుంటాయి, రాత్రంతా పోసి ఉంచితే విరుగుతాయి కూడా. అంటే పొద్దున ఎవరో ఒకరు లేచి పాలు కాయాలి. ఇన్నాళ్ళూ ఆ ఎవరో అమ్మే. మిషను వచ్చినా ఆమే లేస్తుంది, పైగా తోమాల్సిన గిన్నెలు ఇంకో నాలుగు.

డికాక్షనైతే మన స్టీలు ఫిల్టరులో రాత్రే వేసుకోవచ్చు. పై గిన్నెలో నాలుగు చెంచాల పొడి వేసి, బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగే నీళ్ళు పోసి మూత పెట్టి పడుకో. తెల్లారేసరికి దిగి ఉంటుంది. వాసన కాస్త తగ్గుతుంది, నిజమే. పొద్దున నువ్వు లేచి పాలు కాచుకుని ఇద్దరికీ కలుపు. పొయ్యి దగ్గరే నిలబడు, పేపరు తెచ్చుకోవద్దు, పొంగుతాయి. పదిహేను రోజులు ఇట్టా చేసి చూడు. అప్పటికీ మిషను కావాలంటే చెప్పు, డబ్బులు నేను పంపిస్తా.

నీ కూతురు

అమ్మా, కింది నాలుగు ముక్కలు నీకు. ఫిల్టరు పై గిన్నె చిల్లులు మూసుకుపోతే పొయ్యి మంట మీద కాసేపు కాల్చి తోముతావు గదా, అది నాయనకు చూపించు. పట్టకారుతో పట్టుకోమను.