సోక్రటీస్ వ్యుత్పత్తులు: హాస్యమూ కాదు, రుజువూ కాదు

సంపాదక మహాశయా,

గ్రీకు తత్త్వవేత్త ప్లేటో రాసిన ‘క్రాటిలస్’ సంభాషణలో ఆయన గురువు సోక్రటీస్ చెప్పే వందకు పైగా పదవ్యుత్పత్తుల్ని మన వ్యాసకర్తలు కొందరు నిజమైన పుట్టుకలుగా ఉటంకిస్తారు, మరికొందరు వట్టి హాస్యమని కొట్టిపారేస్తారు. చివరిదాకా చదివితే ఈ రెండూ నిలవవు.

ముందు సోక్రటీస్ పని చేసే తీరు చూడాలి. ఒక్కో పేరులో ఒక చిన్న వాక్యం దాగి ఉందని ఆయన ఊహ. మనిషి అనే అర్థమున్న ‘అంథ్రోపొస్’ను ‘అనథ్రోన్ హ ఒపోపె’ అని విప్పుతాడు, అంటే చూసినదాన్ని పరిశీలించేవాడు. వెంటనే ఏం మారిందో లెక్క చెబుతాడు: ఒక ‘అ’ పోయింది, చివరి అక్షరం మీది ఊనిక తగ్గింది. విప్పడానికి లొంగని మాటైతే పరభాషది అనేస్తాడు. ‘పూర్’ (నిప్పు) అలాంటిదే, గ్రీకుల పొరుగువారైన ఫ్రిజియన్ల మాట కావచ్చంటాడు. దిక్కుతోచనప్పుడు తాను వేసే ఎత్తు అదేనని దాచకుండా చెబుతాడు కూడా. అక్షరాలు ఇష్టమొచ్చినట్టు చేర్చి, తీసేస్తే ఏ పేరైనా దేనికైనా అతుకుతుందన్న ఆక్షేపణ కూడా మొదట ఆయన నోటి నుంచి వచ్చిందే.

అసలు విషయం ‘ఎపిస్టేమే’ (జ్ఞానం) దగ్గర తేలుతుంది. మొదట దాన్ని కదిలే వస్తువుల వెంట నడిచేదిగా విప్పుతాడు. చాలా పేర్లు ఇలాగే అంతా ప్రవాహమన్న పూర్వ తత్త్వవేత్త హెరాక్లిటస్ సిద్ధాంతాన్నే పలుకుతాయి. తర్వాత అదే మాటను మనసును వస్తువు దగ్గర నిలిపేదిగా తిప్పి చెబుతాడు. ఒకే మాట రెండు వైపులా సాక్ష్యం చెబితే ఇక దాన్ని నమ్మేదెలా? పేర్లన్నీ ఒకే మాట చెబుతున్నాయి కదా అని సంభాషణలో పాల్గొనే క్రాటిలస్ వాదిస్తే, రేఖాగణితంలో మొదటి గీతలో చిన్న తప్పు దొర్లినా తర్వాతవన్నీ దానితో చక్కగా పొసగుతాయని జవాబిస్తాడు. పేర్లు పెట్టినవారు తామే గిరగిర తిరిగి, తల తిరిగి, లోకమే తిరుగుతోందనుకున్నారేమో అన్న చురకా ఉంది. నా దృష్టిలో గ్రంథంలోకెల్లా పదునైన మాట అదే. పేర్లు పెట్టినవారి అభిప్రాయం వ్యుత్పత్తిలో దొరకవచ్చు. అది నిజమో కాదో తెలియాలంటే వస్తువునే చూడాలి.

ఇలా పదాన్ని విప్పకుండానే అర్థం తీసే హెరాక్లిటస్ శ్లేష దారి వేరు. ‘బియొస్’లో ఊనిక ముందుంటే జీవితం, చివరుంటే విల్లు. విల్లు పేరు జీవితం, పని మరణం అంటాడాయన. ఆనాటి రాతలో ఊనిక గుర్తులు లేవు కనుక కంటికి రెండూ ఒకటే. ఇక్కడ అక్షరం మార్చే అవసరమే రాలేదు.

అనువాదకులకు ఒక విన్నపం. అర్థం మాత్రమే ఇస్తే ఈ వాదం పాఠకుడికి అందదు. గ్రీకు పదాన్ని తెలుగు లిపిలో పక్కనే ఇచ్చి, ఏ అక్షరం పోయిందో, ఏది చేరిందో చూపండి. గ్రీకులో ఎ-ఏ, ఒ-ఓ లకు వేర్వేరు అక్షరాలున్నాయి. ఆ తేడా రోమన్ లిపిలో గుర్తులు పెడితే గాని కనబడదు, మన లిపిలో ఊరికే వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు