పాత డెక్ పీకేయొద్దు

సంపాదకులకు నమస్కారం. మా మారుతి 800లో క్యాసెట్ డెక్ ఇంకా బాగానే పనిచేస్తోంది. అయినా ఫోన్‌లోని ఒగ్గుకథ వినాలంటే డెక్ పీకేసి కొత్తది పెట్టించమని హన్మకొండ షాపుల్లో చెబుతున్నారు. అవసరం లేదండీ, క్యాసెట్ అడాప్టర్ చాలు. చూడ్డానికి మామూలు క్యాసెట్టే, టేపు బదులు సన్నని వైరు ఉంటుంది. దాని కొసను ఫోన్‌కు గుచ్చితే, లోపలి చిన్న హెడ్ అయస్కాంత సంకేతాన్ని, టేపును చదివే డెక్ హెడ్‌కు అందిస్తుంది. ఫోన్‌కు ఇయర్‌ఫోన్ గుచ్చే 3.5 ఎంఎం జాక్ లేకపోతే టైప్-సి కన్వర్టర్ కావాలి.

ఫోన్‌లోని శబ్దాన్ని కారు రేడియోకు పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరూ ఉంది గానీ, 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఏ స్టేషనూ లేని ఖాళీ చోటు వెతుక్కోవాలి. కాజీపేట దాటేసరికి గరగర మొదలై మల్లన్న కథలో డోలు దెబ్బే వినపడదు. మా నాన్నకు ఆ డోలంటే ప్రాణం. షాపులవాళ్లు దయచేసి ఈ అడాప్టర్లు తెప్పించి అమ్మాలి.

– ఒక పాఠకుడు, హన్మకొండ