తిబ్లిసీ నుంచి నాన్నకు

నాన్నా,

ఇక్కడ జార్జియా దేశంలో పోలీసులు లంచం డబ్బులు తీసుకోరంట గదా, నిజమేనా అని ఫోన్‌లో అడిగావు. హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

నేను చూసినంతవరకు తీసుకోరు. కానీ ఒకప్పుడు ఇక్కడ ట్రాఫిక్ పోలీసు బండి ఆపితే లైసెన్సుతో పాటు నోటు కూడా చేతిలో పెట్టాల్సిందేనట. జీతం చాలీచాలనిది. ఉద్యోగం డబ్బిచ్చి కొనుక్కున్నదాయె, వసూలైన దాంట్లో పైవాళ్లకు వాటా పోవాలాయె. 2003 చివర్లో ప్రభుత్వం మారాక దాదాపు 16 వేల మంది ట్రాఫిక్ పోలీసులను తీసేశారు. కొత్తవాళ్లను తీసుకుని జీతం సుమారు పది రెట్లు చేశారు. తీసుకుంటున్నారేమోనని మారువేషంలో మనుషుల్ని పెట్టి మరీ కనిపెట్టారు. అలాగని వీళ్లు దేవుళ్లేం కాదులే. 2024 చివర్లో పార్లమెంటు ముందు నిరసనకారులను ఎలా కొట్టారో లోకమంతా చూసింది.

జీతం పెంచితే చాలదా అంటావేమో. ఘనాలో 2010లో పోలీసుల జీతాలు రెట్టింపు చేశారు. తర్వాత లారీ డ్రైవర్ల లెక్కలు తీస్తే రోడ్డు మీద వసూళ్లు తగ్గకపోగా పెరిగాయి! పైకి వాటా పోయే దారి తెగకుండా జీతం ఒక్కటే పెంచితే అంతే మరి.

నాకు జీతం కంటే స్టేషన్ ఖర్చులే అసలు గొడవ అనిపిస్తుంది. నువ్వు హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు అనాథ శవం దొరికిందంటే ఇంట్లో అందరికీ టెన్షనే. గుడ్డ కొనాలి, బండి మాట్లాడాలి, మార్చురీ దగ్గర ఇచ్చుకోవాలి. బిల్లు పెడితే ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. జీపులో డీజిల్ కోటా అయిపోతే ఫిర్యాదు ఇచ్చినాయననే బండి తెచ్చుకోమనాలి. జేబులోంచి ఎన్నిసార్లు పెడతారు? చివరికి ఏ వ్యాపారో 'నేను చూసుకుంటాలెండి సార్' అంటాడు. ఆ రోజుకు గండం గడుస్తుంది. రేపు ఆయన మీదే కేసొస్తే ఎఫ్ఐఆర్ రాసే చెయ్యి ఆడుతుందా? నువ్వు తీసుకున్నావా లేదా అని నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను.

దానికి తోడు నిద్ర లేదు, సెలవు లేదు. 2014లో మన హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వాళ్లు దేశమంతా సర్వే చేస్తే, స్టేషన్లలో పనిచేసే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఎనిమిది గంటలకు మించి డ్యూటీ చేస్తున్నారని తేలింది. మూడు రోజులు బందోబస్తులో నిలబడి వచ్చినవాడికి రూల్సు చెబితే నవ్వుతాడు. తప్పు తప్పే. కాకపోతే ఆ పరిస్థితి తెచ్చినవాళ్లు మాత్రం ఏసీబీకి ఎప్పుడూ దొరకరు.

తమ్ముడు ఎస్సై పరీక్ష రాస్తానంటున్నాడని అమ్మ చెప్పింది. రాయనీ. పోస్టింగ్ కోసం ఎవరికో ముట్టజెప్పాలన్న మాట వస్తే మాత్రం ఒప్పుకోకు, పొలం మీద అప్పు అస్సలు తేకు. ఆ అప్పు తీర్చడానికి వాడు మొదటి నెల నుంచే దారులు వెతుక్కోవాల్సి వస్తుంది. ఈ ఉత్తరం వాడికీ చదివి వినిపించు.

నీ కూతురు