పాత కార్ల ధర తగ్గినా ఫర్వాలేదు, పని తెలిసిన చేతులు ఉండాలి

సంపాదకుల వారికి,

పాత కార్ల మోజు, విలువ ఈ తరంతోనే ఆగిపోతాయా అంటూ మీరు వేసిన వ్యాసం చదివాను. పాత ఇంజిన్లు విప్పి బిగించడమే బతుకుతెరువుగా ఉన్నవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

వ్యాసమంతా వేలం ధరల చుట్టూనే తిరిగింది. 2022లో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఉలెన్‌హౌట్ కూపే అనే రెండు తలుపుల కారు 13.5 కోట్ల యూరోలు పలికిన మాట నిజమే. 1955 నాటి ఆ కూపేలు తయారైనవే రెండు. అలాంటి బండి ధర చూసి మామూలు పాత కార్ల జాతకం చెప్పలేం.

కుర్రతనంలో ఏ కారును కళ్లప్పగించి చూశామో, చేతిలో నాలుగు డబ్బులు ఆడే వయసులో దాని కోసమే వెతుకుతాం. ఆ తరం వెళ్లిపోతే ఆ కారుకు గిరాకీ తగ్గడం సహజం. ఇప్పటి యువతలో చాలామంది మనసు నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ అనే జపాన్ కారు మీద ఉంది. దాన్ని వాళ్లు మొదట నడిపింది వీడియో గేముల్లోనే. అమెరికాలో 25 ఏళ్లు నిండిన బండ్లకు దిగుమతి నిబంధనల్లో సడలింపు ఉంది. 1999లో వచ్చిన, ఆ జీటీ-ఆర్‌లోనే ఒకటైన ఆర్34 మోడల్‌కు 2024లో ఆ గడువు తీరేదాకా అక్కడి అభిమానులు ఏళ్ల తరబడి కాచుకున్నారు. గేముల్లో పుట్టిన ఇష్టమని దాన్ని తీసిపారేయడం నాకు నచ్చదు.

పైగా చిన్ననాటి జ్ఞాపకం ఉంటేనే ఇష్టం పుడుతుందనీ లేదు. లండన్ నుంచి బ్రైటన్‌కు ఏటా సాగే పరుగులో 1905కు ముందు తయారైన బండ్లకే చోటు. వాటిని కొత్తవిగా ఉండగా చూసినవారెవరూ ఇప్పుడు లేరు. అయినా నవంబరు చలిలో, చాలావాటికి పైకప్పు కూడా లేకపోయినా, జనం వాటిని నడుపుతూనే ఉన్నారు.

నా భయమల్లా పని గురించే. నా దగ్గర ఓ అమ్మాయి పాయింట్లు, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్చు, సెట్ చేయడం నేర్చుకుంటోంది. ఆ నిప్పురవ్వను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపాలి. ఆ సందులో ఫీలర్ గేజ్ రేకు, అంటే సందు కొలిచే పలుచని లోహపు రేకు, పెట్టి చూడాలి. చాలా ఇంజిన్లలో ఆ సందు అర మిల్లీమీటరు లోపే. రేకు వదులుగా జారిపోకూడదు, బిగుసుకుపోనూ కూడదు, లాగుతుంటే వేళ్లకు సన్నటి పట్టు తగలాలి. ఎంత పట్టు అని అడిగితే నోటితో చెప్పలేను. ఆమె చేతికి రేకు ఇచ్చి పక్కన నిలబడతాను. మొన్న తను సెట్ చేసిన ఇంజిన్ యాక్సిలరేటర్ తొక్కకున్నా తడబడకుండా ఐడిల్‌లో నిలిచినప్పుడు ఆమె ముఖం చూసి నాకెంత సంతోషం కలిగిందో!

పెట్రోలును, గాలిని కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్ ట్యూనింగూ అంతే. పైగా ఇథనాల్ ఎక్కువగా కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను తినేస్తుంది. ఏవి మార్చాలో, వేటిని కదపకూడదో చెప్పేవాళ్లు లేకపోతే కోట్ల విలువ చేసే కారైనా కదలదు.

అందుకే ధరలు కాస్త దిగితే నేను బాధపడను. కుర్రాళ్లకు అందుబాటులోకి వస్తాయి. పాత బండి ఉన్నవారికి నా విన్నపం ఒకటే: గుడ్డ కప్పి దాచుకోకండి, పక్కన కూర్చుని పిల్లల చేత నడిపించండి, బానెట్ ఎత్తి చూపించండి. మీరు కూడా ఈసారి వేలం వార్త వేసినప్పుడు ఆ కారును నడిచేలా చేసిన మెకానిక్‌ ఎవరో కనుక్కొని, ఆ పని గురించి ఒక్క కాలమ్ అయినా రాయించండి.

ఇట్లు,
ఒక పాత కార్ల మెకానిక్